ఉక్కునగరంలో వైద్య బీమా బరువు

కేంద్ర ప్రభుత్వం ఏదైనా ఒక పన్ను తీసివేస్తే పత్రికలన్నీ పతాక శీర్షికలు పెడతాయి. ఆ పన్ను పోయిన తరువాత సామాన్యుడు కట్టే సొమ్ము నిజంగా తగ్గిందా అని ఆగి అడిగే అలవాటు మాత్రం మన రాజధానికి లేదు. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జి.ఎస్.టి. మండలి వ్యక్తిగత వైద్య బీమా ప్రీమియం మీద అంతవరకు ఉన్న 18 శాతం పన్నును పూర్తిగా రద్దు చేసింది. ఆ నెల 22 నుంచి అది అమలులోకి వచ్చింది.

దీని వెనుక ఏడాదికి పైబడిన రాజకీయం ఉంది. 2024 జూలైలో మంత్రి నితిన్ గడ్కరీ తమ సహచర మంత్రి నిర్మలా సీతారామన్‌కు ఒక లేఖ రాశారు. నాగపూరు జీవిత బీమా ఉద్యోగుల సంఘం ఇచ్చిన వినతిని అందులో ప్రస్తావించి, బీమా మీద పన్ను తీసివేయవలసిందిగా కోరారు. మంత్రివర్గంలోని వారే కోరిన తరువాత ప్రతిపక్షాలు ఊరుకుంటాయా? ఆగస్టు 6న పార్లమెంటు మకరద్వారం ముందు నిలబడి నినాదాలు చేశాయి. మండలి యథావిధిగా ఒక మంత్రుల బృందాన్ని వేసింది. బృందం యథావిధిగా గడువు మీద గడువు తీసుకుంది. చివరకు పన్ను పోయింది. ఎవరికి వారు అది తమ విజయమేనని చెప్పుకున్నారు.

ఈ విజయం ఎంతవరకు చేరిందో చూద్దామని పురుషోత్తం ఎక్స్‌ప్రెస్‌లో టాటానగర్ వెళ్లాను. వేరే ఊరు కాక ఆ ఊరే ఎందుకని పాఠకులు అడగవచ్చు. కార్మికునికి వైద్యం హక్కుగా లభించాలన్న భావన ఈ దేశంలో మొదట వేళ్లూనిన చోట్లలో అది ఒకటి. టాటా కంపెనీ తన కార్మికులకు 1912లో ఎనిమిది గంటల పనిదినం, 1915లో ఉచిత వైద్యం కల్పించింది. ఉచిత వైద్యానికి శాసనరూపం రావడానికి 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అంటే సాక్చీ గ్రామం 1919లో జంషెడ్‌పూర్ అనే పేరు పెట్టించుకోకముందే అక్కడి కార్మికునికి ఆసుపత్రి ఉంది. కంపెనీ ఔదార్యం ఒక్కటే ఇందుకు కారణమని నేను అనను. అడవి మధ్య కొలిమి పెట్టినవాడికి మనుషులు నిలవాలంటే వైద్యం చూపక తప్పదు. ఏమైనా, ఫలితం కార్మికునికి దక్కింది.

శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు ఈ ఊరికి తరతరాలుగా వలస వచ్చారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఉంది. కదమాలో తెలుగు మాట వినడానికి వెదకనక్కర లేదు. తాతలు కొలిమి దగ్గర నిలబడ్డారు, తండ్రులు గుమాస్తాలయ్యారు. మనుమలలో చాలామంది బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉన్నారు. ఊళ్లో మిగిలినవారు వృద్ధులు.

ఉక్కు కంపెనీ ఉద్యోగికి ఆసుపత్రి చింత ఉండదని బయటివారి నమ్మకం. కాని ఊరంతా ఉక్కు కంపెనీ కాదు. 1990ల మొదట్లో 78 వేల దాకా ఉన్న ఆ కంపెనీ ఉద్యోగుల సంఖ్య పుష్కరకాలం తిరిగేసరికి దాదాపు సగమైంది. కేబుల్ కంపెనీ 2000లో మూతబడింది. ఖర్కాయి నదికి ఆవల ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో చిన్న కర్మాగారాలు ఉన్నాయి. వాటిలో నెలకు 21 వేల రూపాయల లోపు జీతగాళ్లకు ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. ఆ గీత దాటినవాడు, అంగడి పెట్టుకున్నవాడు, ట్యూషన్లు చెప్పుకునేవాడు బీమా కంపెనీ గడప తొక్కవలసిందే.

అటువంటివారిలో ఒక పెద్దమనిషి, ఆదిత్యపూర్‌లోని ఒక వర్క్‌షాపులో లెక్కలు రాసి రిటైరైనవారు, నా ముందు ఒక ఫైలు విప్పారు. ఆయన వయసు అరవైయారు, ఆయన భార్యకు అరవైరెండు. ఇరవై ఏళ్లుగా పాలసీ తెగకుండా నడుపుతున్నారు. లెక్కలు రాసిన చేయి గనుక రశీదులన్నీ వరుసగా ఉన్నాయి.

“బాబూ, ఇది మూడేళ్ల కిందటి కాగితం. ఇందులో పన్నుంది. ఇది ఈ ఏటిది. ఇందులో పన్ను లేదు. ఏది ఎక్కువో మీరే చూడండి” అన్నారు.

పన్ను లేని రశీదే ఎక్కువ.

“పిల్లలు కడతామంటారు కదండీ?” అని అడిగాను.

“అంటారు. కాని వాళ్ల పిల్లల ఫీజుల సంగతి నాకు తెలుసు కదా, నోరెలా వస్తుంది?” అన్నారు. భవిష్యనిధి సంస్థ ఇచ్చే పింఛను ఆయనకు ఎంత వస్తుందో చెప్పారు. ఇక్కడ రాయడం మర్యాద కాదు. ఆ పథకంలో కనీస పింఛనును 2014లో వెయ్యి రూపాయలుగా నిర్ణయించారని, ధరలతో పాటు పెరిగే కరువుభత్యం దానికి లేదని మాత్రం గుర్తు చేస్తాను. ఒకవైపు రాబడి మేకు కొట్టినట్లు నిలిచిపోయింది, మరొకవైపు ప్రీమియం ఏటేటా పెరుగుతున్నది.

పన్ను పోయినా భారం ఎందుకు తగ్గలేదు? బీమా కంపెనీ తాను కట్టే అద్దెల మీద, ఏజెంట్ల కమిషన్ మీద, కొనే సేవల మీద పన్ను చెల్లిస్తుంది. ఇదివరకు మనవద్ద వసూలు చేసిన పన్నులోంచి దానిని మినహాయించుకునేది. మనమీద పన్ను రద్దయింది గనుక ఆ మినహాయింపు కూడా రద్దయింది. ఆ నష్టాన్ని కొన్ని కంపెనీలు ఏజెంట్ల కమిషన్‌లోంచి రాబట్టుకున్నాయి. తక్కినది ప్రీమియంలో కలపకుండా ఆపేదెవరు? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఈ సందర్భానికే పుట్టిందేమో.

అయితే పన్ను ఈ కథలో చిన్న పాత్ర. అసలు పెరుగుదల మూలాలు వేరు. 1972 శాసనంతో సాధారణ బీమాను జాతీయం చేసి, 107 కంపెనీలను నాలుగుగా కూర్చారు. 1986లో ఆ నాలుగే మెడిక్లెయిమ్ తెచ్చాయి. 1999 చట్టంతో ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచారు. పోటీ వస్తే ధర దిగుతుందన్నారు. పోటీ వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ 2023-24 నివేదికలోని లెక్క చూడండి. ప్రభుత్వ రంగ కంపెనీలు వైద్య బీమా కింద రాబట్టిన ప్రతి నూరు రూపాయలకు సుమారు 103 క్లెయిముల కింద చెల్లించాయి. కేవలం వైద్య బీమాయే నడిపే ప్రైవేటు కంపెనీలు చెల్లించినది 65 మాత్రమే. ఈ రెండవ తరగతి కంపెనీలు నిర్వహణ వ్యయాల కింద నూటికి 35 దాకా వాడుకోవచ్చునని 2023 నాటి నిబంధనలే అనుమతించాయి. ప్రభుత్వ కంపెనీ నష్టాన్ని చూపి ధర పెంచుతుంది. ప్రైవేటు కంపెనీ ఆసుపత్రి బిల్లులను చూపి పెంచుతుంది.

ఆసుపత్రి బిల్లుల మాట అబద్ధమూ కాదు. ధరలకు ఒక ప్రమాణం ఉండాలని 2010 నాటి వైద్యసంస్థల చట్టం కింద 2012లో నిబంధనలు చేసి, కేంద్రం నిద్రపోయింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తట్టి లేపవలసి వచ్చింది. ఆసుపత్రి ధరకు పగ్గం లేకుండా బీమా ధరకు పగ్గం వేయాలనుకోవడం కుండకు చిల్లి ఉంచి మూత బిగించడం వంటిది.

నియంత్రణ సంస్థ ఏమీ చేయలేదని అనడం అన్యాయం. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. అరవైయైదు దాటినవారికి కొత్త పాలసీ నిరాకరించే వయోపరిమితిని అది 2024 ఏప్రిల్‌లో ఎత్తివేసింది. 2025 జనవరిలో, వృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతం మించి పెంచదలిస్తే ముందుగా తమను సంప్రదించాలని ఆదేశించింది. మంచిదే. కాని పది శాతం చొప్పున ఏటా పెంచుకుంటూ పోతే ఎనిమిదో ఏటికల్లా ప్రీమియం రెట్టింపు దాటుతుంది. ఆదిత్యపూర్ పెద్దమనిషి ఈ లెక్కను నాకంటె ముందే కాగితం మీద వేసి ఉంచారు. అప్పటికి ఆయనకు డెబ్బైనాలుగు!

డెబ్బై దాటితే ప్రభుత్వమే ఉంది కదా అనవచ్చు. ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రధానమంత్రి 2018 సెప్టెంబరు 23న ప్రారంభించినది ఈ రాష్ట్ర రాజధాని రాంచీలోనే. 2024 అక్టోబరు నుంచి, ఆదాయంతో నిమిత్తం లేకుండా డెబ్బై నిండినవారికి ఏటా ఐదు లక్షల రూపాయల వైద్యం వర్తింపజేశారు. ఈ చర్యను మెచ్చుకోక తప్పదు. అయితే ఉద్యోగం పోయేది అరవైకి. కార్డు వచ్చేది డెబ్బైకి. రోగాలు బయటపడే ఆ పదేళ్లూ మధ్యతరగతి వృద్ధుడు ఒంటరి. పైపెచ్చు భర్తకు డెబ్బై నిండినా భార్యకు నిండకపోతే ఆ కార్డు ఆమెకు పనికిరాదు.

కదమాలో మరొకరు “మన ఆరోగ్యశ్రీ మాకు రాదా?” అని అడిగారు. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఆ పథకం రాష్ట్ర నివాసులకు. మూడు తరాల క్రితం సొంత ఊరు వదిలినవారికి అక్కడ కార్డు లేదు. ఆ మాట చెప్పడానికి నాకే మొగమాటమైంది.

ఢిల్లీలో 1954 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమని ఒకటి నడుస్తున్నది. ఉద్యోగులు, పింఛనుదారులు, పార్లమెంటు సభ్యులు అందులో ఉన్నారు. 2017లో సవరించిన ప్రకారం నెలసరి చందా హోదాను బట్టి 250 నుంచి 1,000 రూపాయలు. రిటైరైనవారు పదేళ్ల చందా ఒక్కసారి కడితే యావజ్జీవం కార్డు. అంటే అత్యున్నత అధికారికి సైతం మొత్తం లక్షా ఇరవైవేల రూపాయలు. అందులో వయసు శ్లాబులు లేవు, ఏటేటా పెంపు లేదు. ఉద్యోగికి అది దక్కరాదని నేననడం లేదు. కాని బీమా శాసనాలు రాసేవారు, చర్చించేవారు, ఓటు వేసేవారు ఎవరూ ఆ బీమా బజారులో కొనుగోలుదారులు కారు. విదేశీ పెట్టుబడి పరిమితిని 2021లో 74 శాతానికి పెంచినప్పుడు సభలో జరిగిన చర్చ నాకు గుర్తుంది. పెట్టుబడి ఎంత వస్తుందన్న దానిమీద నడిచినంత వాదన, ప్రీమియం ఎంత పెరుగుతుందన్న దానిమీద నడవలేదు.

తెలుగు వృద్ధులు కొందరు తమలో తాము ఒక ఉపాయం ఆలోచించారు. విడివిడిగా కాక అందరూ కలిసి ఒకే బృంద పాలసీ తీసుకుంటే చౌక కదా అని. నేను ఢిల్లీ వచ్చి విచారించాను. కేవలం బీమా కోసమే ఏర్పడిన బృందానికి పాలసీ ఇవ్వరాదని నిబంధన. ఎప్పటినుంచో ఉన్న సంఘమైతే ఇవ్వవచ్చును. అయితే సెప్టెంబరు నాటి మినహాయింపు వ్యక్తిగత పాలసీలకే గనుక, బృంద పాలసీ మీద 18 శాతం పన్ను అలాగే ఉన్నది. ఈ సంగతి ఆయనకు ఉత్తరం రాశాను. జవాబులో ఆయన, ఈసారి పాలసీ మొత్తాన్ని సగానికి తగ్గించి రెన్యూవల్ చేయించుకున్నానని రాశారు.