పాత సీపీయూకు మరమ్మతా, కొత్తదానికి కొబ్బరికాయా?

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సీటీసీ అంటే చాలు, ఆటో డ్రైవర్లకూ తెలుసు. కంప్యూటర్ సామాను షాపులు కిక్కిరిసిన ఆ భవనంలో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. దుమ్ముపట్టిన డబ్బాను చంకనెత్తుకుని ఒకాయన వస్తాడు. "సీపీయూ బాగా స్లో అయింది అన్నా, ఏమన్నా చెయ్యి" అంటాడు. ఒక షాపులో మూత కూడా విప్పకుండా "దీనికి కాలం తీరిపోయింది సార్, కొత్తది కట్టించుకోండి" అంటారు. పక్క షాపులో "ఒక్క ఎస్‌ఎస్‌డీ వెయ్యండి, రాకెట్‌లా పోతుంది" అంటారు. చిత్రమేమిటంటే, ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

మనవాళ్లు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు గానీ, అసలు సీపీయూ అంటే అందులో అగ్గిపెట్టెంత ఉండే ప్రాసెసర్ ఒక్కటే. చాలాసార్లు నెమ్మదితనానికి దాని తప్పేమీ ఉండదు.

ఒక డీటీపీ సెంటర్‌లోని కంప్యూటర్‌ను తీసుకుందాం. 2012లో అసెంబుల్ చేయించినది. ఇంటెల్ ఐ5 మూడో తరం ప్రాసెసర్, అప్పట్లో ఎక్కడ చూసినా కనిపించిన హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. శుభలేఖలు, కరపత్రాలు, ఆహ్వానపత్రాలు దాని పని. పొద్దున స్విచ్ వేసి ఓనరు టీ తాగి వచ్చేసరికి కూడా తెరమీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఆ చక్రం తిరగడానికి కారణం లోపల తిరిగే మరో చక్రం. సాధారణ డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కావలసిన ఫైలు ముక్క ఎక్కడుందో అక్కడికి సూది లాంటి చెయ్యి కదలాలి, ఆ చోటు దాని కిందికి తిరిగి రావాలి. ఈ రెండింటికీ కలిపి సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. వినడానికి చిన్న సంఖ్యే. కానీ విండోస్ లేచేటప్పుడు చదివేది ఒక ఫైలు కాదు, ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా పడున్న వేల ముక్కలు. సెకనుకు ఎనభై, తొంభై ముక్కలకు మించి హార్డ్‌డిస్క్ అందించలేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ కదిలేదీ ఏమీ ఉండదు కాబట్టి అదే సమయంలో వేల ముక్కలు వచ్చేస్తాయి. నాలుగు కోర్ల ఆ ఐ5 ఇన్నాళ్లూ బద్ధకించలేదు, డిస్క్ కోసం చేతులు కట్టుకుని ఎదురుచూసింది.

హెచ్61 బోర్డులో సాటా పోర్టులు పాత రకానివి, కొత్త ఎస్‌ఎస్‌డీ వేగంలో సగమే వాడుకోగలవు. అయినా ఫరవాలేదు. పెద్ద ఫైళ్ల కాపీలో తేడా తెలుస్తుందేమో గానీ, రోజువారీ పనిలో బాధించేది ఆ వెతుకులాటే. అది పోతుంది.

షాపుకు వెళ్లేముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ మొరాయిస్తున్నప్పుడే దాన్ని చూడాలి. డిస్క్ దగ్గర వంద శాతం కనిపిస్తే ఎస్‌ఎస్‌డీ, మెమొరీ నిండిపోతే ర్యామ్, సీపీయూ అంకె వంద దగ్గర నిలిచిపోతే అప్పుడు ప్రాసెసర్ సంగతి. ర్యామ్ కొనేముందు విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నదీ చూసుకోవాలి. మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి వాడుకోలేదు. దాని మీద 8 జీబీ వేయించి, తేడా లేదని మెకానిక్‌ను తిట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంతవరకూ పెంకుటిల్లుకు పెంకులు మార్చిన లెక్క. గోడల జోలికి వెళ్తేనే చిక్కు.

గోడ అంటే మదర్‌బోర్డు. హెచ్61 బోర్డు ఇంటెల్ రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లకే చోటిస్తుంది. అందులో పట్టేది డీడీఆర్3 ర్యామ్. డీడీఆర్4 ముక్కకు పిన్నుల సంఖ్యే వేరు. డీడీఆర్5లో పిన్నులు 288 అని డీడీఆర్4తో లెక్క కుదిరినా, గాటు చోటు మారింది కాబట్టి దాని స్లాట్‌లో దిగదు. అంటే ప్రాసెసర్ మార్చాలనుకుంటే బోర్డు మార్చాలి, బోర్డు మారితే ర్యామ్ మారాలి. ఈ మూడూ కలిసే ప్రయాణం చేస్తాయి. అప్‌గ్రేడ్ అనే పేరుతో ఈ మూడూ కొంటున్నవాళ్లు నిజానికి కొత్త కంప్యూటరే కట్టుకుంటున్నారు. పాతదాని నుంచి వచ్చేవి మానిటరు, కీబోర్డు, మహా అయితే క్యాబినెట్. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే బడ్జెట్ లెక్క తేలికవుతుంది.

కంపెనీని బట్టి కూడా కథ మారుతుంది. 2017లో ఏఎండీ రైజెన్ వచ్చినప్పుడు ఏఎం4 సాకెట్ బోర్డు కొన్నవారి పంట పండింది. ఐదేళ్ల తర్వాత వచ్చిన రైజెన్ 5 5600ను సైతం, బయోస్ అప్‌డేట్ ఉన్న పాత బోర్డుల్లోనే దించుకోగలిగారు. అదే కాలంలో ఇంటెల్ ఆరు, ఏడు తరాల బోర్డు కొన్నవారికి ఆ అదృష్టం దక్కలేదు. ఎనిమిదో తరం ప్రాసెసర్ చూడటానికి అదే సాకెట్‌లో కూర్చునేలా ఉన్నా, పాత బోర్డులో పనిచేయదు.

ఈ ఎనిమిదో తరం దగ్గరే మైక్రోసాఫ్ట్ కూడా గీత గీసింది. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం, రైజెన్ 2000 వరుస, ఆపైనవే అర్హమైనవి. టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటూ ఉండాలి. మరోవైపు విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వాడకందారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ అప్పట్లో ప్రకటించింది. ఎస్‌ఎస్‌డీతో పరుగెడుతున్న మూడో తరం యంత్రానికి ఇది మూలిగే నక్క మీద తాటిపండే. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించేవాళ్లు వీధికొకరు దొరుకుతారు, కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. బ్యాంకు లావాదేవీలు నడిపే కంప్యూటర్‌తో ఆ జూదం అనవసరం. బ్రౌజర్, మెయిల్, పిల్లల పాఠాలు మాత్రమే పని అయితే లినక్స్ మింట్ లాంటిది ఆ పాత డబ్బాకే ఇంకొన్నేళ్లు ఆయుష్షు పోస్తుంది.

కొత్తది కట్టుకోవాలనుకునేవారికి ఇంకో తలనొప్పి ధరలది. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ సర్వర్లకు కావలసిన మెమొరీ వైపు తయారీ కంపెనీలు మొగ్గడమే అందుకు ముఖ్య కారణం. దశాబ్దాలుగా చిల్లర కొనుగోలుదారులకు పరిచయమున్న తన మెమొరీ బ్రాండు క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో 16 జీబీ డీడీఆర్4 ఉన్న ఏఎం4 కంప్యూటర్‌ను పక్కన పెట్టి, డీడీఆర్5 మాత్రమే పట్టే ఏఎం5కు మారడం తొందరపాటే. వీడియో ఎడిటింగ్, త్రీడీ పని చేసి దాని మీద సంపాదించేవారి సంగతి వేరు. గంటలు మిగిలితే వారికి డబ్బూ మిగులుతుంది.

ఏ దారి పట్టినా డబ్బాకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం కక్కుర్తి పడకూడదు. పదేళ్ల కిందటి క్యాబినెట్‌తో కొసరుగా వచ్చిన, 450 వాట్లని స్టిక్కరున్న డబ్బాలు నిజంగా ఎంత మోస్తాయో స్టిక్కరు వేసినవాళ్లకే తెలియాలి. గ్రాఫిక్స్ కార్డు స్లాట్ నుంచి 75 వాట్ల వరకు, ఒక 8 పిన్నుల వైరు నుంచి మరో 150 వరకు లాగుతుంది. పాత కెపాసిటర్లు ఆ బరువుకు చేతులెత్తేస్తే పోతూపోతూ బోర్డునూ తీసుకుపోవచ్చు. బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి గానీ, వాటిలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ కొలతలు, కనెక్టర్లు ప్రత్యేకం. బయట కొన్నది అతకదు.

మళ్లీ ఆ డీటీపీ సెంటర్‌కే వస్తే, అక్కడ అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ ఆ తర్వాత దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు, కానీ తెలుగునాట ఎన్నో శుభలేఖలు ఇంకా అందులోనే పుడుతున్నాయి. ఆ పనికి 2012 కంప్యూటర్, ఒక ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ బోలెడు. బిల్లులు, మెయిళ్లు, ఆన్‌లైన్ దరఖాస్తులకు విండోస్ 11 నడిచే చిన్న మెషీన్ ఒకటి పక్కన పెట్టుకుంటే, పాతదాని నెట్ కేబుల్ పీకేయొచ్చు. శుభలేఖ పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో రెండడుగుల దూరం ప్రయాణించి పెళ్లివారి వాట్సాప్‌కు చేరుతుంది.