తలకిందులుగా కాపురం చేసే రొయ్య చుట్టం

విశాఖ తీరంలో ఆటు వేళ బండల మీద చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లకు గరగరా గుచ్చుకునే తెల్లటి బుల్లి గుండ్లు కనిపిస్తాయి. అవి సున్నపు పెచ్చులు కావు. ఒక్కో గుండులో ఒక్కో ప్రాణి ఉంటుంది. దాని పేరు బార్నకిల్.

● గట్టి పెంకు చూసి పూర్వపు శాస్త్రవేత్తలు దీన్ని నత్తలు, ఆల్చిప్పల వర్గంలో చేర్చారు. ఇది రొయ్యలు, పీతల జాతిదని 1830లో జాన్ వాన్ థాంప్సన్ దాని పిల్లల్ని గమనించి తేల్చాడు.

● పిల్ల బార్నకిల్ సముద్రంలో ఈదుతూ పెరుగుతుంది. చివరి దశలో తిండి మానేస్తుంది, ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఆధారం. మీసాలతో రాతిని తడుముతూ, తనవాళ్లున్న చోటు వెతుక్కుంటుంది. నచ్చితే తల కిందికి ఆనించి జిగురు వదులుతుంది. ఇక జన్మంతా అక్కడే!

● తల రాతికి అతుక్కుంటే తినేదెలా? కాళ్లతో! ఈకల్లాంటి ఆరు జతల కాళ్లను వల విసిరినట్టు చాచి, నీళ్లలోని సూక్ష్మజీవుల్ని నోటికి లాక్కుంటుంది.

● చాలా రకాల్లో ఆడ, మగ రెండూ ఒకే జీవిలో ఉంటాయి. అయినా సంతానానికి మామూలుగా పొరుగు జీవి తోడు కావాలి. కదల్లేదు కనుక, కొన్నింటి పురుషాంగం ఒంటి పొడవుకు ఎనిమిది రెట్ల దాకా సాగుతుంది.

● రాళ్లే కాదు, సముద్రపు తాబేలు వీపు, హంప్‌బ్యాక్ తిమింగలం చర్మం కూడా వీటికి ఇళ్లే. తిమింగలం ఏ నీళ్లలో తిరిగిందో దాని మీది బార్నకిల్ పెంకులోని ఆక్సిజన్ రకాలను బట్టి చెప్పొచ్చు.

● ఓడ అడుగున పేరుకుంటే నీటి ఒరిపిడి పెరిగి ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది.

● చిలీ తీరంలో దొరికిన ఒక వింత బార్నకిల్‌తో మొదలుపెట్టి, డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటి మీదే పనిచేశాడు.

● తడి రాతికీ అంటుకునే ఆ జిగురు స్ఫూర్తితో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు రక్తస్రావాన్ని ఆపే పేస్టు తయారుచేసి, 2021లో ప్రకటించారు. జంతువులపై పరీక్షిస్తే సుమారు 15 సెకన్లలోనే గాయం మూసుకుంది.

● ఆటు వేళ బార్నకిల్ తన పెంకు తలుపులు బిగించుకుని, లోపలి తడితోనే ఎండను ఓర్చుకుంటుంది. అల తిరిగొచ్చి ముంచగానే తలుపులు విచ్చుకుని కాళ్లు విసనకర్రలా ఊగుతాయి. అప్పుడు మీ చెయ్యి నీడ పడనివ్వండి. చటుక్కున మూసేసుకుంటుంది. కదల్లేని ప్రాణే గానీ, ఏమరుపాటు లేని ప్రాణి!