ఆన్‌లైన్ దుకాణంలో ఎంపికల మూకుమ్మడి ఎగుమతి, దిగుమతి

ఆన్‌లైన్ దుకాణంలో అమ్మే వస్తువులకు గల సైజు, రంగు, బరువు వంటి ఎంపికలను (ఆప్షన్లను) తెరపై ఒక్కొక్కటిగా మార్చకుండా, అన్నింటినీ ఒకే పట్టిక ఫైలుగా బయటకు తీసి, సవరించి, తిరిగి దుకాణంలోనికి ఎక్కించే విధానాన్ని ఎంపికల మూకుమ్మడి ఎగుమతి, దిగుమతి అంటారు. ఇక్కడ ఎగుమతి, దిగుమతి అనే మాటలకు ఓడరేవులతోను, సుంకాలతోను సంబంధం లేదు. దుకాణపు డేటాబేసు నుండి సమాచారం బయటకు రావడం ఎగుమతి, లోనికి పోవడం దిగుమతి. ఈ పనికి సాధారణంగా సీఎస్‌వీ అనే సాదా ఫైలును వాడతారు. దీనివలన రోజుల పని నిమిషాలలో ముగుస్తుంది. అయితే ఒక పొరపాటు కూడా అంతే వేగంగా వేల వరుసలకు పాకుతుంది, తరచుగా ఏ హెచ్చరికా లేకుండానే.

ఎంపిక, విలువ, వేరియంట్

ఈ మూడు పదాలకు గల తేడా తెలియనిదే మిగిలిన విషయం బోధపడదు. హైదరాబాదులో చార్మినార్ ప్రక్కనున్న లాడ్ బజారు లక్క గాజులకు పేరు పొందినది. అటువంటి గాజులను ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుంటే, అందులో "సైజు", "రంగు" అనేవి ఎంపికలు. గాజుల సైజులను 2-4, 2-6, 2-8, 2-10 అని వ్రాయడం వాడుక. మొదటి అంకె అంగుళాలను, రెండవది అంగుళంలో పదహారవ వంతులను తెలుపుతుంది. అనగా 2-4 అంటే రెండుంబావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర అంగుళాల లోపలి వ్యాసం. ఈ నాలుగూ సైజు అనే ఎంపికకు విలువలు. ఒక సైజు, ఒక రంగు కలిసినపుడు ఏర్పడే, విడిగా లెక్కపెట్టి అమ్మదగిన వస్తువును వేరియంట్ అంటారు.

4 సైజులు, 6 రంగులు గల ఒక్క డిజైనుకు 24 వేరియంట్లు ఏర్పడతాయి. దుకాణంలో 50 డిజైన్లు ఉంటే 1,200 వేరియంట్లు. లక్క ధర పెరిగి 2-10 సైజుకు మాత్రమే పది రూపాయలు హెచ్చించాలన్నా 300 చోట్ల మార్చవలసి ఉంటుంది. మూకుమ్మడి పద్ధతి అవసరం ఇక్కడే పుట్టినది.

ఫైలు స్వరూపం

సీఎస్‌వీ అనగా కామాలతో విడదీసిన విలువలు. ఒక్కొక్క పంక్తి ఒక వరుస, కామాల నడుమ ఉన్నది ఒక గడి. ఈ రూపం ఎన్నో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నా, దాని సామాన్య లక్షణాలను వ్రాతపూర్వకంగా నమోదు చేసిన ఆర్‌ఎఫ్‌సి 4180 అనే పత్రం 2005లో గాని వెలువడలేదు. గడిలోని సమాచారంలోనే కామా ఉంటే ఆ గడిని జంట ఉద్ధరణ చిహ్నాల నడుమ ఉంచాలి. ఆ చిహ్నమే సమాచారంలో భాగమైతే దానిని రెండుసార్లు వ్రాయాలి. అంగుళానికి గుర్తుగా అదే చిహ్నాన్ని వాడడం పరిపాటి కనుక, సైజులను అంగుళాలలో చేతితో టైపు చేసేవారి ఫైళ్ళు ఈ నియమం దగ్గరనే ఎక్కువగా చెడిపోతాయి.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. డేటాబేసులో వస్తువు ఒక పట్టికలో, ఎంపికలు మరొక పట్టికలో, వేరియంట్లు ఇంకొక పట్టికలో ఉండి, ఒకదానితో ఒకటి గుర్తింపు సంఖ్యల ద్వారా ముడిపడి ఉంటాయి. సీఎస్‌వీ ఫైలులో ఉన్నది ఒకే పట్టిక. తల్లి, పిల్ల అనే ఆ సంబంధాన్ని చదును చేసి వరుసలుగా పరచవలసి వస్తుంది. ఆ పరచే తీరు ఒక్కొక్క సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క విధంగా ఉంటుంది.

వివిధ సాఫ్ట్‌వేర్లలో పద్ధతులు

షాపిఫైలో ప్రతి వేరియంట్‌కు ఒక వరుస ఉంటుంది. ఒకే వస్తువుకు చెందిన వరుసలన్నింటిలో "హ్యాండిల్" అనే గడి ఒకే విధంగా ఉంటుంది. వస్తువు పేరు, వివరణ మొదటి వరుసలో మాత్రమే ఉండి, క్రింది వరుసలలో ఆ గడులు ఖాళీగా ఉంటాయి. అందువలన స్ప్రెడ్‌షీటులో ధర వారీగానో, రంగు వారీగానో వరుసలను సర్దితే వేరియంట్లు, బొమ్మలు తమ వస్తువు నుండి విడిపోయే ప్రమాదం ఉన్నది. ఒక వస్తువుకు మూడు ఎంపికలు మాత్రమే ఉండవచ్చును. వేరియంట్ల గరిష్ఠ సంఖ్య చాలాకాలం 100గా ఉండి, 2025లో 2,048కి పెరిగినది.

వర్డ్‌ప్రెస్‌పై నడిచే వూకామర్స్‌లో ఈ సదుపాయం 2017లో వచ్చిన 3.1 రూపంతో మూల సాఫ్ట్‌వేరులో చేరినది. ఇక్కడ తల్లి వస్తువుకు ఒక వరుస, ప్రతి వేరియంట్‌కు ఒక వరుస విడివిడిగా ఉంటాయి. తల్లి వరుసలో సైజులన్నీ ఒకే గడిలో కామాలతో ఉంటాయి. పిల్ల వరుసలో ఒక్క సైజే ఉండి, తల్లి ఎవరో చెప్పే గడి ఒకటి ఉంటుంది. తల్లి వరుసలో లేని సైజును పిల్ల వరుసలో చేర్చి, కొనుగోలుదారునకు అది ఎందుకు కనబడడం లేదని వెదుక్కోవడం క్రొత్తవారికి సామాన్యమైన అనుభవం.

ఓపెన్‌కార్ట్ తీరు వేరు. దాని పాత రూపాలలో వేరియంట్ అనే భావన లేదు. ప్రతి విలువకు అసలు ధరపై ఎంత కలపాలో, ఎంత తీసివేయాలో వ్రాసుకుంటారు; నిల్వ లెక్క కూడా విలువ వారీగానే ఉంటుంది. ఎరుపువి ఎన్ని, 2-6 సైజువి ఎన్ని అని తెలుస్తుంది గాని, 2-6 సైజు ఎర్ర గాజులు ఎన్ని ఉన్నాయో తెలియదు. ఈ తేడా వలన ఓపెన్‌కార్ట్ నుండి షాపిఫైకి గాని వూకామర్స్‌కు గాని మారదలచినవారు ఫైలులో గడుల పేర్లు మార్చినంత మాత్రాన చాలదు. నిల్వను మళ్ళీ చేతితో లెక్కపెట్టుకోవలసినదే. మజెంటో రెండవ రూపంలో ప్రతి వేరియంట్ ఒక స్వతంత్ర వస్తువు. వాటిని కలిపే సంబంధం తల్లి వరుసలోని ఒకే గడిలో నిలువు గీతలతో విడదీసి ఉంటుంది.

స్ప్రెడ్‌షీటు చేసే మార్పులు

నష్టంలో అధిక భాగం దుకాణపు సాఫ్ట్‌వేరు వలన గాక, నడుమ ఫైలును తెరిచే స్ప్రెడ్‌షీటు వలన కలుగుతుంది. ఎక్సెల్ సీఎస్‌వీ ఫైలును నేరుగా తెరిచినపుడు ప్రతి గడినీ చూసి, అది సంఖ్యా, తేదీయా, పాఠ్యమా అని తానే నిర్ణయించుకుంటుంది. గాజుల సైజు 2-4ను చూసి అది తేదీ అనుకుంటుంది. భారతీయ పద్ధతిలో రోజు ముందు, నెల తరువాత వచ్చేటట్లు అమర్చిన కంప్యూటరులో అది ఏప్రిల్ 2 అవుతుంది. 2-6 జూన్ 2, 2-8 ఆగస్టు 2, 2-10 అక్టోబరు 2. అమెరికా పద్ధతిలో అమర్చిన కంప్యూటరులోనైతే ఇవే ఫిబ్రవరి 4, 6, 8, 10 తేదీలవుతాయి. ఫైలును భద్రపరచగానే ఆ తేదీలే దానిలో నిలిచిపోతాయి. గడిని తరువాత పాఠ్యంగా మార్చినా సైజు తిరిగి రాదు, తేదీకి గల ఐదంకెల వరుస సంఖ్య ప్రత్యక్షమవుతుంది.

కొందరు సైజులను చుక్కతో 2.4, 2.6, 2.8, 2.10 అని వ్రాస్తారు. అప్పుడు తేదీ బాధ తప్పుతుంది గాని, 2.10 దశాంశ సంఖ్యగా లెక్కకు వచ్చి చివరి సున్న రాలిపోయి 2.1గా మిగులుతుంది. అన్నింటికంటె పెద్ద సైజు అన్నింటికంటె చిన్నదిగా కనబడుతుంది.

ఇదే విధంగా మొదటి సున్నలు కూడా పోతాయి. జీఎస్టీ కొరకు వాడే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లలో కారప్పొడి చేరే శీర్షిక 0904; గుంటూరు కారం అమ్మే దుకాణపు ఫైలులో అది 904గా మారితే అర్థం పోయినట్లే. పదమూడు అంకెల బార్‌కోడ్‌లు ఇరుకు గడిలో ఘాత రూపంలో కనబడి, సీఎస్‌వీగా భద్రపరచినపుడు చివరి అంకెలను శాశ్వతంగా కోల్పోతాయి.

ఈ ఇబ్బంది దుకాణదారులకే పరిమితం కాదు. జన్యువుల పేర్లను నిర్ణయించే హ్యూగో జన్యు నామకరణ సంఘం, మార్చ్1, సెప్ట్1 వంటి జన్యు సంకేతాలు ఎక్సెల్‌లో తేదీలుగా మారిపోతున్నందున, వాటిని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1గా మార్చుతూ 2020లో మార్గదర్శకాలను ప్రకటించినది. శాస్త్రమే సాఫ్ట్‌వేరుకు తలవంచినదని చెప్పాలి. 2023లో ఎక్సెల్‌కు ఇటువంటి స్వయంచాలక మార్పులలో కొన్నింటిని నిలిపివేసే అమరిక చేరినది.

నివారణ కష్టం కాదు. ఫైలుపై రెండుసార్లు నొక్కి తెరవకుండా, ఎక్సెల్‌లో డేటా విభాగం నుండి పాఠ్యపు ఫైలుగా రప్పించుకొని, సైజు, కోడ్, బార్‌కోడ్ గడులు "టెక్స్ట్" అని ముందుగానే చెప్పాలి. లిబ్రెఆఫీస్ కాల్క్ సీఎస్‌వీ ఫైలు తెరిచేటపుడు ఈ ప్రశ్నను తానే అడుగుతుంది.

తెలుగు లిపిలోని విలువలు

రంగుల పేర్లను తెలుగులో వ్రాసే దుకాణాలకు మరొక జాగ్రత్త అవసరం. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లను ఆక్రమిస్తుంది. ఫైలు మొదట్లో ఆ పద్ధతిని తెలిపే గుర్తు లేకపోతే, ఎక్సెల్ ఒక్కొక్క బైటునూ ఒక అక్షరంగా చదివి, "ఎరుపు" ఉండవలసిన చోట లాటిన్ గుర్తుల గందరగోళాన్ని చూపవచ్చును. సరిగా కనబడుతున్న తెలుగును కూడా మామూలు సీఎస్‌వీగా భద్రపరిస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. యూటీఎఫ్-8 సీఎస్‌వీ అనే రూపాన్నే ఎంచుకోవాలి.

కంటికి కనబడని తేడాలు ఇంకా చిత్రమైనవి. పదం చివర ఒక ఖాళీ మిగిలినా, పొల్లు అక్షరం తరువాత రూపం కుదరడానికి చేర్చే శూన్య వెడల్పు గుర్తు ఒకచోట ఉండి మరొకచోట లేకున్నా, కంప్యూటరు దృష్టిలో అవి రెండు వేర్వేరు విలువలు. అప్పుడు కొనుగోలుదారుని ముందు ఒకే రంగు పేరు రెండుసార్లు కనబడుతుంది.

గుర్తింపు, నిల్వ

దిగుమతి సమయంలో సాఫ్ట్‌వేరు ప్రతి వరుసనూ చూసి, ఇది పాతదానికి సవరణా, లేక క్రొత్తదా అని తేల్చుకోవాలి. అందుకు ఆధారం హ్యాండిల్, గుర్తింపు సంఖ్య, లేదా ఎస్‌కేయూ అనే సరుకు సంకేతం. షాపిఫైలో సైజు విలువ పేరును ఫైలు ద్వారా మార్చితే పాత వేరియంట్ గుర్తింపు సంఖ్య తొలగి క్రొత్తది ఏర్పడుతుంది. పాత సంఖ్యపై ఆధారపడిన గోదాము లెక్కల యాప్‌లు దానిని గుర్తించలేవు. వూకామర్స్‌లో "ఉన్న వస్తువులను సవరించు" అనే గడిలో గుర్తు పెట్టినపుడు, సరిపోలని వరుసలు దాటవేయబడతాయి.

నిల్వ సంఖ్యల విషయంలో కాలం కూడా లెక్కలోనికి వస్తుంది. ఉదయం ఎగుమతి చేసిన ఫైలులో ఒక వేరియంట్ నిల్వ 5 అని ఉన్నది. ధరలు సవరించేలోగా ఆ ఐదూ అమ్ముడైనవి. సాయంత్రం ఫైలును తిరిగి ఎక్కించగానే దుకాణంలో మళ్ళీ 5 కనబడుతుంది, లేని సరుకుకు ఆర్డర్లు వస్తాయి. పండుగ రోజులలో చిన్న వ్యాపారికి ఇది సొమ్ము తిరిగి ఇవ్వడంతో పోయేది కాదు, పేరు కూడా పోతుంది. ధర మాత్రమే మార్చదలచినపుడు ఫైలు నుండి నిల్వ గడిని పూర్తిగా తొలగించడం దీనికి సులువైన మార్గం. ఆ గడిని ఉంచి లోపల ఖాళీగా వదలడం దానితో సమానం కాదు. గడి లేకపోతే పాత విలువ సాధారణంగా అలాగే ఉంటుంది. గడి ఉండి ఖాళీగా ఉంటే చాలాచోట్ల పాత విలువ చెరిగిపోతుంది.

పని క్రమం

అనుభవజ్ఞులు మొదట దుకాణం మొత్తాన్ని ఎగుమతి చేసి, ఆ ఫైలును తాకకుండా ప్రక్కన ఉంచి, దాని నకలుపై మాత్రమే పని చేస్తారు. మార్చవలసిన గడి, గుర్తింపునకు కావలసిన గడులు మాత్రం ఉంచి, రెండు మూడు వస్తువుల వరుసలతో చిన్న ఫైలును ముందుగా ఎక్కించి, కొనుగోలుదారునకు కనబడే పుటను తెరిచి సరిచూస్తారు. ఆ తరువాతనే మిగిలినది. దిగుమతి ముగిశాక మరొకసారి ఎగుమతి చేసి, తాము ఎక్కించిన ఫైలుతో పోల్చి చూసేవారు కూడా కలరు. చాలా దుకాణపు సాఫ్ట్‌వేర్లలో దిగుమతిని ఒక్క నొక్కుతో రద్దు చేసే వీలు లేదు. మొదట ప్రక్కన ఉంచిన ఆ ఫైలును తిరిగి ఎక్కించడమే వెనుకకు పోయే దారి. అయితే దానిలోని నిల్వ సంఖ్యలు అప్పటికే పాతబడి ఉంటాయి కనుక, తిరిగి ఎక్కించే ముందు ఆ గడిని దాని నుండి కూడా తొలగించాలి.