బైపాస్ శస్త్రచికిత్స – తొలి ముప్పది దినములు

గుండె దేహమంతటికిని రక్తమును పంపుచున్నను, తన కండరమునకు వలసిన రక్తమును కరోనరీ ధమనులను సన్నని గొట్టముల ద్వారానే పొందును. వీని గోడలలో క్రొవ్వు పేరుకొన్నచో దారి ఇరుకై గుండెనొప్పి కలుగును. కాలువ పూడినచోట ప్రక్కనుండి పిల్లకాలువ త్రవ్వి నీరు మళ్ళించుట పాకాల, రామప్ప చెరువుల క్రింది రైతులెరిగినదే. బైపాస్ శస్త్రచికిత్సకు మూలసూత్రమిదియే. కాలి సిరనుగాని రొమ్ములోని ధమనినిగాని అడ్డంకికి ఆవల అతికి, రక్తమునకు క్రొత్తదారి కల్పింతురు. 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున ఫావలోరో అను వైద్యుడు కాలిసిరతో ఈ పద్ధతిని ప్రారంభించి వ్యాప్తిలోనికి తెచ్చెను. మనదేశమున 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టరు కె. ఎం. చెరియన్ దీనిని మొదట జరిపెను.

క్రొత్త కాలువకు గట్లు గట్టిపడువరకు కావలి కాయవలెను గదా! అట్లే శస్త్రచికిత్స తొలి ఫలితమును వైద్యులు సాధారణముగా 30 దినములతో కొలుతురు. ముందుగా నిర్ణయించుకొని చేసిన శస్త్రచికిత్సలలో ఈ గడువున మరణించువారు సుమారు నూటికి 1 నుండి 3 వరకే. గుండెపోటులో అత్యవసరముగా చేసినప్పుడును, వృద్ధులకును, గుండె బలము తగ్గినవారికిని, మూత్రపిండములు చెడినవారికిని అపాయము హెచ్చు.

మొదటి దినమున రక్తస్రావమును కనిపెట్టి చూతురు. అది తగ్గినచో 6 గంటలలోగా ఆస్పిరిన్ ప్రారంభింతురు. లేనిచో అతికిన సిరలో రక్తము గడ్డకట్టి క్రొత్తదారియే మూసికొనిపోవచ్చును. రెండు, మూడు దినములలో నూటికి 20 నుండి 40 మందికి గుండె లయ తప్పును. ఇది తరచుగా మందులతో సర్దుకొనును. సుమారు వారమునకు రోగి ఇల్లు చేరును.

అనగా, లెక్కించు 30 దినములలో మూడు వారములు గడచునది ఇంటనే. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన పిదప పేదలకును ఈ చికిత్స అందుబాటులోనికి వచ్చినది. అయితే హైదరాబాదులో శస్త్రచికిత్స చేయించుకొన్న వరంగల్లు రోగికి తన వైద్యుడు సుమారు 150 కిలోమీటర్ల దూరమున నుండును. కావున ఇంటివారే మొదటి కావలివారు. జ్వరము, గాయము ఎఱ్ఱబడుట, చీము, రొమ్ముటెముక కదలినట్లు చప్పుడగుట, ఆయాసము, ఒకటి రెండు దినములలోనే బరువు పెరుగుట – వీనిలో ఏది కనిపించినను శస్త్రచికిత్స చేసిన ఆసుపత్రికి వెంటనే తెలుపవలెను. ఆయాసము తీవ్రమైనను, మాట పడిపోయినను, కాలుసేతులు చచ్చుబడినను ఆలస్యము చేయక 108 వాహనమును పిలిచి, దగ్గరి పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను.

మధుమేహరోగులకు గాయము చీముపట్టు అవకాశమెక్కువ. చక్కెరను అదుపున నుంచవలెను. కోసి ఉక్కుతీగతో బిగించిన రొమ్ముటెముక అతుకుటకు 6 నుండి 8 వారములు, ఒక్కొకప్పుడు ఇంకను ఎక్కువ కాలము పట్టును. అంతవరకు బరువులెత్తరాదు, మోటారుసైకిలు నడుపరాదు. కాని మంచము పట్టియుండుటయు తప్పే. దినదినము కొంచెము కొంచెముగా నడక పెంచవలెను.

నొప్పి పోయినదని మాత్రలు మానువారు కలరు. శస్త్రచికిత్స దారిని మార్చినదేగాని పూడికకు కారణమైన వ్యాధిని తీసివేయలేదు. వైద్యుడు చెప్పక ఆస్పిరిన్ మానుటయు, మరల పొగ త్రాగుటయు క్రొత్తకాలువను చేతులార పూడ్చుకొనుటయే.