మొదలు కూలినా నిలిచిన మర్రి

చెన్నైలో అడయారు నది సముద్రంలో కలిసే చోటికి చేరువగా, 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజానికి కేంద్రంగా ఉన్న తోటలో, సుమారు 450 ఏళ్ల వయసుంటుందని చెప్పే మర్రిచెట్టు ఒకటి ఉంది. అనీబిసెంట్, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి వంటివారి ఉపన్యాసాలకు నీడనిచ్చిన ఆ చెట్టు ప్రధాన కాండం 1989లో వీచిన గాలివానకు కూలిపోయింది. అయినా చెట్టు చావలేదు.

జంతువుకు గుండె ఉన్నట్టు చెట్టుకు ప్రాణమంతా ఒక్కచోట నిలిచిన అవయవం లేదు. మాను లావులో అధికభాగం ప్రాణం లేని కర్రే. వేళ్లు పీల్చిన నీటిని పైకి చేర్చే దారునాళాలు తమ కణాలు చనిపోయి బోలుగా మారిన తరువాతే పనికి వస్తాయి. ఆకులు తయారుచేసిన చక్కెరను మిగతా భాగాలకు పంచే పోషక కణజాలం బెరడుకు లోపలి అంచున సజీవంగా ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఉండే కేంబియం అనే పలుచని పొర విభజన చెందుతూ లోపలికి కొత్త దారువును, బయటికి కొత్త పోషక కణజాలాన్ని చేరుస్తూ ఉంటుంది. చెట్టు లావెక్కడమంటే ఈ పొర చేసే పనే.

మర్రి విశేషమంతా ఊడల్లో ఉంది. వేరునుంచి కాక కొమ్మనుంచి పుట్టే ఇటువంటి వేళ్లను వృక్షశాస్త్రం అబ్బురపు వేళ్లంటుంది. చిగుళ్లలోను, లేత ఆకుల్లోను తయారై కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను ఇటువంటి వేళ్లు పుట్టడానికి ముఖ్యమైన ప్రేరణ. వేరుకు దిశ తెలిసేది కొనలోని తొడుగు వల్ల. అక్కడి కణాల్లో పిండిరేణువులు భూమ్యాకర్షణకు లోబడి అడుగుకు చేరి, కింద ఏ వైపు ఉందో సూచిస్తాయి. వేరుకొనకు ఈ సున్నితత్వం ఉందని చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లోనే ప్రతిపాదించారు.

గాలిలో వేలాడినంతకాలం ఊడ సన్నగా, ఎటంటే అటు వంగేదిగా ఉంటుంది. కొన నేలను తాకి పిల్లవేళ్లు వేసిందంటే దాని నడవడి మారిపోతుంది: నీరు, లవణాలు నేరుగా అందుతాయి, కేంబియం చురుకై ఊడ లావెక్కుతుంది, బిగువు కర్ర అనే ప్రత్యేకమైన దారువు ఏర్పడి దాన్ని తీగలా బిగిస్తుంది. మర్రి కుటుంబానికే చెందిన ఫైకస్ బెంజమినా ఊడల్లో ఈ కర్రను శాస్త్రవేత్తలు జిమ్మర్‌మన్, వార్డ్‌రాప్, టాంలిన్సన్ 1968లో వివరించారు. ఇలా స్తంభంగా మారిన ఊడ కొమ్మ బరువును మోయడమే కాక, ఆకులనుంచి ఆవిరయ్యే నీటి ఈడ్పుతో తన పైనున్న కొమ్మకు తానే నీరందిస్తుంది. 1989 నాటికి అడయారు మర్రికి ఇటువంటి స్తంభాలు ఎన్నో ఉండబట్టే ప్రధాన కాండం పోయినా ఆకులకు నీరు ఆగలేదు. కలకత్తా సమీపాన శిబ్‌పూర్ ఉద్యానంలోని మర్రి మహావృక్షానికి శిలీంధ్రం సోకిన మొదలును 1925లో తొలగించినా, అదీ ఇదే తీరున నేటికీ విస్తరిస్తోంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను అంత విశాలంగా పరచుకోవడానికీ ఊడలే ఆధారం.

అందువల్ల నగర వీధుల్లో అడ్డుగా ఉన్నాయంటూ లేత ఊడలను కోసివేయడం చాలా పెద్ద నష్టం. కొన తెగిన ఊడ నేలను చేరడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు; ఆధారం దొరకని కొమ్మ ఏటేటా బరువెక్కుతూనే ఉంటుంది, ఈశాన్య రుతుపవనాల గాలివానలకు ముందుగా విరిగేది అటువంటి కొమ్మే. కొన కింద కాంక్రీటు పరచకుండా గజం మేర మట్టి వదిలితే చాలు, మిగతా పని చెట్టే చేసుకుంటుంది.