నల్సార్‌లో ఐదేళ్లు

రాజీవ్ రహదారి మీద అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటితే శామీర్‌పేట. ఆదివారం వచ్చే జనం చెరువుకో, జింకల పార్కుకో వెళ్తారు. దేశం నలుమూలల పిల్లలు మాత్రం వకీళ్లు కావాలని నల్సార్‌కు వస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1998లో చేసిన చట్టంతో పుట్టిన న్యాయ విశ్వవిద్యాలయమిది. తొలి వైస్ చాన్స్‌లర్ రణబీర్ సింగ్. తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే దీనికి చాన్స్‌లర్.

ఇంటర్ తర్వాత జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి బీఏ ఎల్‌ఎల్‌బీ ఆనర్స్‌లో చేరితే ఐదేళ్లు, పది సెమిస్టర్లు. ఎల్‌ఎల్‌ఎం ఒక్క ఏడాదే. పీహెచ్‌డీ, మేనేజ్‌మెంట్ కోర్సులూ ఉన్నాయి. కానీ ఇక్కడి పేరు ప్రతిష్ఠలు ఆ ఐదేళ్ల డిగ్రీవే.

పుస్తకాలు బట్టీ పట్టి ఈ డిగ్రీ తెచ్చుకోవడం కుదరదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన నిబంధనల ప్రకారం మూట్ కోర్టు పేపరులో విద్యార్థి కనీసం మూడు ఉత్తుత్తి కేసులు వాదించాలి. వాటితోపాటు నిజమైన కోర్టుకు వెళ్లి ఒక సివిల్ దావా, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి, ఏ రోజు ఏం జరిగిందో రికార్డు రాయాలి. దీనికి 30 మార్కులు. నాకైతే సిలబస్ మొత్తంలో విలువైనది ఇదే. సాక్షి బోనెక్కి తడబడటం, ఎదుటి వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అదే ప్రశ్న తిప్పి తిప్పి అడగటం, చివరికి వాయిదా పడి కక్షిదారు పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని బస్సెక్కడం... ఇవి ఏ క్లాసులోనూ కనపడవు.

ఇంటర్న్‌షిప్ 20 వారాలు తప్పనిసరి. ఒక ఏడాదిలో ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. ట్రయల్, అప్పీలు వకీళ్ల దగ్గర ఒక్కసారైనా పనిచేసి తీరాలి. ఎక్కడెక్కడ చేయవచ్చో చెప్పే జాబితాలో లా ఫర్ములు, కంపెనీలతోపాటు స్థానిక సంస్థలూ ఉన్నాయి. పిల్లల చూపు సహజంగానే ఢిల్లీ, ముంబై ఆఫీసుల మీద ఉంటుంది. ఉద్యోగం అక్కడ దొరుకుతుంది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. అయినా భూముల ధరలు ఆకాశాన్నంటే శామీర్‌పేట చుట్టుపక్కల మండలాల్లో గెట్టు పంచాయితీలు, వారసత్వ తగాదాలు, మ్యుటేషన్ చిక్కులు చదువుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఇలాంటి తగాదాల్లో భాష కూడా ముఖ్యమే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చింది. ఆ భూమి ఎక్కడిదో కాదు, శామీర్‌పేటకు వచ్చే దారిలోని మచ్చబొల్లారానిది. తీర్పు కక్షిదారుల భాషలో రావడానికి తెలుగులో దావా రాయగల, వాదించగల వకీళ్లు కావాలి. కానీ క్లాట్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, నల్సార్‌లో క్లాసులూ అంతే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మామూలు లా కాలేజీలో చేరే మన పిల్లలకు తెలుగు వచ్చు, నల్సార్ స్థాయి శిక్షణ దొరకదు. నల్సార్ పిల్లల్లో చాలామందికి శిక్షణ ఉంది, తెలుగు రాదు. ఈ రెండు గుంపులనూ ఇంటర్న్‌షిప్ వారాల్లో కొన్నాళ్లయినా మేడ్చల్ కోర్టులో, తహసీల్ ఆఫీసులో పక్కపక్కన కూర్చోబెట్టవచ్చు. నిబంధనలు అడ్డురావు, పూనుకునేవాళ్లే కావాలి.