జేజి అడిగిన మూడు ప్రశ్నలు

2018 మే నెల. ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయి చాగలమర్రిలో ఇంటిపట్టునే ఉన్నాను. చేతిలో కొత్త ఫోను. ఒక రాత్రి ఫ్రెండ్స్ గ్రూపులో వీడియో వచ్చింది. బైకు మీద వచ్చిన ఇద్దరు, వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుని వెళ్లిపోతారు. కింద ఒక మెసేజ్: ‘పిల్లల్ని ఎత్తుకుపోయే గ్యాంగ్ మన జిల్లాలో దిగింది. అందరికీ పంపండి.’

గుండె ఝల్లుమంది. మా ఇంట్లోనూ చిన్నోడున్నాడు, అక్క కొడుకు. ముందూ వెనకా చూడకుండా మూడు గ్రూపులకు పంపేశాను. మంచి పనే చేశాననుకుని పడుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం వీధిలో అరుపులు. చాపలు అమ్ముకునే ఒక పెద్దాయన చుట్టూ పదిమంది మూగారు. మాలో ఉర్దూ వచ్చినవాళ్లకు కూడా ఆయన మాట సరిగా అర్థం కావడం లేదు. ఒకరు చొక్కా పట్టుకున్నారు. ఇంకొకరు ఫోను చూపిస్తూ ‘వీడే’ అంటున్నారు. ఆ ఫోనులో ఆడుతున్నది నేను పంపిన వీడియోనే!

మా జేజి గుంపులోకి దూరింది.

‘ఎవురి బిడ్డ పోయినాడు? పేరు చెప్పండి.’ ఎవరూ చెప్పలేదు.

‘యాడ జరిగింది?’ ‘మన జిల్లాలోనే అంట.’ ‘అంటనా! ఏ ఊర్లో?’ తెలీదు.

‘కండ్లారా చూసినోళ్లు మీలో ఎవురు?’

చొక్కా పట్టుకున్న చెయ్యి వదులైంది. మూట విప్పితే చాపలు, టిఫిన్ డబ్బా, మాత్రల కవరు. ఎవరో నీళ్లిచ్చారు. ఆయన తాగకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ మా వీధికి రాలేదు.

వీడియోలో కోసేసిన ముక్క

ఆ వీడియో సంగతి తర్వాత తెలిసింది. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాణ్ని క్షేమంగా తెచ్చి దించేస్తారు, పిల్లల్ని కనిపెట్టుకోమని బోర్డు చూపిస్తారు. ఆ ముక్క కోసేసి మిగతాది వదిలారు.

మా పెద్దాయన బతికి బయటపడ్డాడు. అదే నెలలో బెంగళూరులో రాజస్థాన్ యువకుణ్ని ఇలాంటి అనుమానంతోనే కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడలో ఐదుగురి ప్రాణాలు పోయాయి. మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెడుతున్నట్టు ఆ నెలలోనే వాట్సాప్ ప్రకటించింది.

మనకు తుంగభద్ర అవతల ఉన్న జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఇంకో దారి పట్టారు. పోలీసుల్ని ఊళ్లకు పంపి జనంతో మాట్లాడించారు. జానపద కళాకారులతో పాటలు పాడించారు. వచ్చిన ప్రతిదీ నమ్మొద్దు, అడగండి అన్నదే ఆ ప్రచారం సారాంశం.

ఒక చిన్న ఆట ఆడదామా?

2, 4, 6. ఈ అంకెల వెనక ఒక రూలుంది. మీరు వేరే మూడు అంకెలు చెప్తే, సరిపోతాయో లేదో నేను చెప్తాను. రూలు మీరు కనుక్కోవాలి.

8, 10, 12 అంటారా? ఔను. 20, 22, 24? ఔను. ‘రెండేసి పెరగాలి, అంతే కదా!’ కాదు. ప్రతి అంకె ముందుదానికంటే పెద్దదైతే చాలు. 1, 2, 50 కూడా సరిపోతుంది.

1960లో ఇంగ్లండ్ సైకాలజిస్టు పీటర్ వేసన్ పెట్టిన పరీక్ష ఇది. ఎక్కువమంది మొదటిసారి తప్పే చెప్పారు. ఎందుకంటే తమ ఊహకు సరిపోయే అంకెల్నే అడుగుతూ పోయారు. ‘1, 2, 3’ అని ఒక్కసారి అడిగి ఉంటే తమ ఊహ తప్పని తేలిపోయేది.

మా వీధిలో జరిగిందీ ఇదే. కొత్త మనిషి, ఔను. మూట ఉంది, ఔను. మాట తేడా, ఔను. జేజి ఒక్కతే, ‘కాదు’ అని తేలడానికి వీలున్న ప్రశ్నలు వేసింది.

ఆ ప్రశ్నలు ఈరోజుకీ పనికొస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే ఉద్యోగం అంటారా? ఇంతకుముందు ఉద్యోగం వచ్చినవాళ్ల పేరు చెప్పమనండి. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని ‘డిజిటల్ అరెస్ట్’ అంటారా? ఏ స్టేషనో అడిగి, కాల్ కట్ చేసి, మీరే ఆ స్టేషన్‌కి ఫోన్ చేయండి. అసలు మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. డబ్బు పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి. ‘తొందరగా’, ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నారంటే అప్పుడే ఆగండి.

ఆ సాయంత్రం నా మెసేజ్ డిలీట్ చేద్దామంటే టైం దాటిపోయింది. అందుకే మూడు గ్రూపుల్లోనూ రాశాను: ‘రాత్రి నేను పంపింది నిజమో కాదో నాకే తెలీదు. తెలుసుకోకుండా పంపినా. తప్పు నాదే.’ ఇద్దరు నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడు మాత్రం, ‘నేనూ పంపినా రా, ఇప్పుడే వాళ్లకు చెప్తా’ అన్నాడు.